ఇండోర్ షటిల్: పై లైట్లు కళ్లలో కొడుతుంటే జాగ్రత్తలు

ఆట మొదలెట్టే ముందు నెట్‌కు రెండు వైపులా నిలబడి పైకి చూడండి.

• నడినెత్తిన లైట్లుంటే ఎత్తుగా వచ్చే షటిల్ ఆ వెలుగులో మాయమవుతుంది. లైట్లు సైడ్ లైన్ల బయట ఉన్న కోర్టు దొరికితే అదే బుక్ చేసుకోండి.

• వార్మప్‌లో హై క్లియర్లు (కోర్టు వెనక దాకా ఎత్తుగా వచ్చే షాట్లు) కొట్టించుకోండి. షటిల్ ఎక్కడ కనిపించట్లేదో అప్పుడే తెలుస్తుంది. సరిగ్గా దాని కిందకి వెళ్లకండి. పక్కకు తిరిగి, రాకెట్ లేని చెయ్యి ఎత్తి లైటుకు అడ్డం పెట్టండి, షటిల్ మీకు కాస్త ముందు పడేలా వెనక్కి జరగండి. అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

• కళ్లద్దాల మీద చెమట మరకలు తుడుచుకోండి. కూలింగ్ గ్లాసెస్ వద్దు.

• డబుల్స్‌లో కనిపించకపోతే వెంటనే అరవండి. గుడ్డిగా రాకెట్ ఊపితే పార్ట్‌నర్‌కు తగలొచ్చు. పాయింట్ పోయినా ఫర్వాలేదు, ఊపకండి.