వానల ముందే పాత డెస్క్‌టాప్ బయోస్ ఒకసారి తెరిచి చూడండి

నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. తుఫాను పట్టిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఉరుము వినపడగానే ప్లగ్ పీకేస్తాం. పీకాల్సిందే. కాకపోతే పాత డెస్క్‌టాప్‌లో దాగి ఉన్న ఒక జబ్బు అప్పుడే బయటపడుతుంది.

కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు, అదే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. పాత బోర్డుల్లో తేదీ, టైము, బయోస్ (విండోస్ కన్నా ముందు లేచి కంప్యూటర్‌ను సిద్ధం చేసే ప్రోగ్రాము) సెట్టింగులు దాని మీదే నిలబడతాయి. ప్లగ్ పెట్టి స్విచ్ వేసి ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి కొంచెం కరెంటు అందుతూ ఉంటుంది కాబట్టి బ్యాటరీ అయిపోయినా మనకు తెలియదు. ఒక రాత్రి ప్లగ్ తీసి పెడితే చాలు, సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

ఒక తుఫాను వెళ్లిన మర్నాడు కావలిలో తెలిసిన జిరాక్స్ షాపు తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆన్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవతా ఉంది. హార్డ్ డిస్క్ పోయినట్టుంది, ఫార్మాట్ కొట్టేయమంటావా?" వద్దని చెప్పి వెళ్లాను. బయోస్‌లో తేదీ 2009 చూపిస్తోంది. సాటా మోడ్, అంటే హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, ఐడీఈలో ఉంది. విండోస్ ఎక్కించినప్పుడు అది ఏహెచ్‌సీఐలో ఉండేది. మార్చి, ఎఫ్10 కొట్టి సేవ్ చేస్తే విండోస్ మామూలుగా తెరుచుకుంది. ఫార్మాట్ కొట్టి ఉంటే ఎన్నో ఏళ్ల కస్టమర్ల ఫైళ్లు పోయేవి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అందుకే వానలు మొదలు కాకముందే ఒక అరగంట కేటాయించండి. ఆన్ చేయగానే కీబోర్డులో డెల్ (డిలీట్) గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. దేన్నీ ముట్టుకోకుండా ప్రతి పేజీని సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. సాటా మోడ్, బూట్ ఆర్డర్ (ఏ డిస్క్ నుంచి ముందు తెరుచుకోవాలనే వరస), ఆన్‌బోర్డ్ డివైజుల (బోర్డులోనే ఉండే భాగాల) పేజీ మాత్రం తప్పనిసరి.

తర్వాత బ్యాటరీ. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకి, అప్పుడు బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో వెనక్కి నెట్టండి. బిళ్ల దానంతటదే పైకి లేస్తుంది. సాకెట్ బోర్డు మీద పడుకుని ఉంటే కొత్తది అక్షరాలున్న ప్లస్ వైపు పైకి ఉండేలా పెట్టాలి. ఇక ఫొటోలు చూసుకుంటూ సెట్టింగులు తిరిగి పెట్టుకోండి. తేదీ మర్చిపోవద్దు. అది తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు కూడా సురక్షితం కాదని చూపిస్తాయి, జనం వైరస్ అనుకుని కంగారు పడతారు.

బయోస్ పవర్ పేజీలో కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పవర్ ఆఫ్‌లో పెట్టండి. ఆన్‌లో ఉంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ తనే లేస్తుంది. నిమిషానికోసారి కరెంటు పోయివచ్చే రాత్రి హార్డ్ డిస్క్‌కు అంతకన్నా కష్టం లేదు.

పిడుగుల వేళ ప్లగ్‌తో పాటు లాన్ కేబుల్ (ఇంటర్నెట్ వైరు) కూడా పీకండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆన్‌బోర్డ్ లాన్ ఇప్పటికే కాలిపోయి ఉంటే బోర్డు మార్చక్కర్లేదు. విడిగా లాన్ కార్డు పెట్టి, బయోస్‌లో ఆన్‌బోర్డ్ లాన్‌ను డిజేబుల్ చేస్తే సరిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ఆన్‌బోర్డ్ వీజీఏని (స్క్రీన్‌కు బొమ్మ పంపే భాగాన్ని) మాత్రం డిజేబుల్ చేయకండి, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ఇప్పటికే చేసేసి ఉంటే ప్లగ్ తీసి, బ్యాటరీ కాసేపు బయట ఉంచి మళ్లీ పెట్టండి. చాలా పాత బోర్డులు దాంతో మామూలు స్థితికొస్తాయి.

బయోస్ అప్‌డేట్ జోలికి మాత్రం ఈ మూడు నెలలూ పోవద్దు. మధ్యలో కరెంటు పోతే పాత బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. అంత అవసరమే అయితే సంక్రాంతి దాటాక, యూపీఎస్ పెట్టుకుని చేయించుకోండి.