కౌన్సెలింగ్ సీజన్‌కి ముందు కాలేజీ పీఆర్వోలు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఫస్టియర్ క్లాసులు మొదలై నెల గడిచేదాకా ఇంజినీరింగ్ కాలేజీ పీఆర్వోకి ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. ఒకపక్క అడ్మిషన్లు, ఇంకోపక్క ప్రకటనలు, మధ్యలో వానలకు సెలవులు, కొత్త పిల్లలు హాస్టళ్లలో దిగడం. మన లెటర్‌హెడ్ మీద తప్పు మాట బయటికి పోయే ప్రమాదం ఏడాది మొత్తంలో ఈ మూడు నాలుగు నెలల్లోనే ఎక్కువ. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అవతల ఉన్న తల్లిదండ్రులు పొలం అమ్మో, అప్పు తెచ్చో ఫీజు కడుతుంటారు. మనం రాసిన అంకెను నమ్మే కౌన్సెలింగ్‌లో పిల్లల చేత మన కాలేజీకి ఆప్షన్ పెట్టిస్తారు. కింద చెప్పినవన్నీ వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోపే సరిచూసి పెట్టుకోండి. ఆ తర్వాత టైమ్ దొరకదు.

ఫ్లెక్సీ మీద అంకెలు

అన్నిటికన్నా ముందు ప్లేస్‌మెంట్ల లెక్క. ఆఫర్లు వేరు, ఉద్యోగం వచ్చిన పిల్లలు వేరు. ఒకే అమ్మాయికి మూడు కంపెనీల ఆఫర్లు వస్తే అవి మూడు ఆఫర్లే కానీ ముగ్గురు విద్యార్థులు కాదు. ఉదాహరణకు 600 మంది పాసై, 240 మందికి ఉద్యోగాలొచ్చి, ఆఫర్లు మొత్తం 410 అనుకుందాం. ఫ్లెక్సీ మీద ‘410 ప్లేస్‌మెంట్లు’ అని మాత్రమే వేస్తే చదివేవాళ్లకు 600లో 410 మందికి ఉద్యోగాలొచ్చినట్టే అర్థమవుతుంది. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ నియమాలు కూడా ఉద్యోగాల సంఖ్య చెప్పినప్పుడు ఆ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది ఉన్నారో చెప్పాలంటాయి. ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ని పెద్ద అక్షరాల్లో వేస్తే, అది ఒక్కరికి వచ్చిందో పదిమందికి వచ్చిందో పక్కనే రాయండి. మధ్యస్థంగా ఎంత వస్తోందో కూడా వేయగలిగితే మరీ మంచిది. మేనేజ్‌మెంట్‌ను ఒప్పించడం కష్టమే, అయినా అడగండి.

నేను మొదట పనిచేసిన కాలేజీలో ఈ జాగ్రత్త తీసుకోలేదు. ఆగస్టులో ఒకాయన వచ్చారు. మా పాంప్లెట్‌ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది. సివిల్ బ్రాంచి పేరు కింద బాల్‌పెన్నుతో గీత గీసి ఉంది. ‘ఇందులో రాసిన ఉద్యోగాల్లో సివిల్ పిల్లలకు ఎన్ని వచ్చాయి సార్?’ అని అడిగారు. ఆ అంకె నా దగ్గర లేదు. పాంప్లెట్ రాసింది నేనే. ఆ తర్వాత ఏ సంవత్సరమూ బ్రాంచిల వారీ లెక్క లేకుండా ప్లేస్‌మెంట్ మాట బయటికి పంపలేదు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ సంతకం చేసిన షీట్ చేతికొచ్చాకే డిజైనర్‌కు ఫోన్ చేస్తాను. పిల్లల ఫొటోలు వాడాలంటే వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చదువైపోయి వెళ్లిపోయిన పిల్లలు ‘నా ఫొటో ఎందుకేశారు’ అని అడిగితే మన దగ్గర కాగితం ఉండాలి.

గుర్తింపుల దగ్గర ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. నాణ్యతను చూసి ఇచ్చే న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి. సాంకేతిక కోర్సుల నాణ్యతకిచ్చే ఎన్బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. మూడు కోర్సులకు ఉన్న ఎన్బీఏని ‘ఎన్బీఏ కాలేజీ’ అని రాస్తే నాలుగో కోర్సులో చేరిన పిల్లాణ్ణి మోసం చేసినట్టే. రెండింటికీ గడువు తేదీలుంటాయి, చూసుకోండి. కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్‌లో వంద దాటాక ర్యాంకులను బ్యాండ్లుగా ఇస్తారు. 201-300 బ్యాండ్‌లో ఉన్నప్పుడు ఆ బ్యాండ్ పేరే రాయాలి, ‘201వ ర్యాంకు’ అని కాదు. ఏ సంవత్సరం ర్యాంకో కూడా వేయండి.

ఫీజుల గురించి ఫోన్లో మాట్లాడే సిబ్బందికి ఒక పేజీ కాగితం రాసివ్వండి. కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో నింపే సీట్లు) 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటా (కాలేజీ నింపుకునేవి) 30 శాతం అన్న దగ్గర మొదలుపెట్టి, మన కాలేజీకి ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజెంత, హాస్టల్‌కి విడిగా ఎంత, సీటు వదులుకుంటే ఎంత తిరిగొస్తుంది అన్నవన్నీ అందులో ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ‘తప్పకుండా వస్తుంది’ అని కౌంటర్‌లో ఎవరూ అనకూడదు. అది ప్రభుత్వం ఇచ్చేది, ఆంధ్రప్రదేశ్‌లో నియమాలు వేరు, తెలంగాణలో వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనలకు విరుద్ధం. ఇది పీఆర్ పని కాదని వదిలేయకండి. ఆ గొడవ చివరికి పేపర్లోకి వచ్చేది మన పేరుతోనే.

వాన సెలవు సర్క్యులర్

జులై, ఆగస్టు నెలల్లో రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సర్క్యులర్ తిరుగుతుంది. పాత లెటర్‌హెడ్, పాత సంతకం, తేదీ మాత్రం కొత్తది. ఒకసారి మా పాత సర్క్యులర్‌నే తేదీ మార్చి తిప్పారు. మర్నాడు ల్యాబ్ ఎగ్జామ్ ఉన్న పిల్లలు కొందరు ఊళ్లకు బస్సెక్కేశారు. అప్పుడు చూసుకుంటే మా అసలు సర్క్యులర్‌లో నంబరు లేదు, వారం పేరు లేదు, ఎన్ని గంటలకు ఇచ్చామో లేదు. నకిలీదాన్ని పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

అందుకే ప్రతి సర్క్యులర్‌కూ వరుస నంబరు, తేదీతో పాటు వారం, విడుదల చేసిన సమయం వేయండి. మొదట వెబ్‌సైట్‌లో పెట్టండి, ఆ లింకునే గ్రూపుల్లోకి పంపండి. ‘వెబ్‌సైట్‌లో లేకపోతే అది మాది కాదు’ అని ఫస్టియర్ పిల్లలకు ఓరియెంటేషన్ రోజే చెప్పండి. కలెక్టర్ సెలవు ప్రకటించారని వార్త వస్తే, అది ఏ జిల్లాకు, స్కూళ్లకేనా కాలేజీలకు కూడానా, యూనివర్సిటీ పరీక్షల సంగతేమిటి, ఈ మూడూ ఉత్తర్వులో చదివాకే సమాధానమివ్వండి. తప్పు సర్క్యులర్ బయటికి పోతే నిశ్శబ్దంగా డిలీట్ చేయకండి. ‘సవరణ’ అని పైన రాసి, పాతదాని నంబరు చెప్పి, కొత్తది ఇవ్వండి.

చెడ్డ వార్త వచ్చిన రాత్రి

రాయడానికే కష్టంగా ఉంది, అయినా ఇది ముందే అనుకుని పెట్టుకోవాల్సిన విషయం. హాస్టల్లో ఒక బిడ్డకు ఏదైనా జరిగితే అరగంటలో టీవీల్లో స్క్రోలింగ్ వస్తుంది. ఆ అరగంటలో పీఆర్వో మొదటి పని విలేకరికి ఫోన్ చేయడం కాదు. తల్లిదండ్రులకు ఎవరు చెబుతున్నారో కనుక్కోవడం. ప్రిన్సిపాలో, ఆ పిల్లకు తెలిసిన టీచరో స్వయంగా చెప్పాలి. టీవీలో చూసి తెలుసుకునే గతి ఏ తల్లికీ పట్టకూడదు. వాళ్లకు చెప్పామని రూఢి అయ్యేదాకా పేరు ఎవరికీ ఇవ్వకండి.

తర్వాత మాట్లాడేది ఒక్కరే ఉండాలి. వార్డెన్ ఒకటి, సెక్యూరిటీ ఇంకోటి, కాలేజీ కరస్పాండెంట్ (యాజమాన్యం మనిషి) మరోటి చెబితే మర్నాడు మూడూ పక్కపక్కనే అచ్చవుతాయి. మొదటి ప్రకటన నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగిందని మనకు ఖాయంగా తెలుసు, ఇప్పుడు ఏం చేస్తున్నాం, కుటుంబానికి ఎవరు తోడున్నారు, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతాం. ‘కుటుంబ సమస్యల వల్ల’, ‘మార్కులు తక్కువొచ్చి’ లాంటి కారణాలు రాయకండి. ఆత్మహత్య అయితే ఎలా జరిగిందో, ఉత్తరంలో ఏముందో మన నోటి నుంచి రాకూడదు. తోటి పిల్లల కోసం మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆ ప్రకటనలోనే ఇవ్వండి. లైంగిక దాడి కేసయితే బాధితురాలిని గుర్తుపట్టే ఏ వివరం ఇచ్చినా నేరమే. పేరు దాచి బ్రాంచి, సంవత్సరం, ఊరు చెబితే పేరు చెప్పినట్టే.

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు ఏం జరిగిందో ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. మార్కుల్లో తప్పులున్నాయని పిల్లలు మొత్తుకుంటుంటే మొదట్లో అధికారులు అలాంటిదేమీ లేదన్నారు. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 మార్కులున్నాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. తర్వాత ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా తిరిగి చూస్తామన్నారు. ఆ మాట మొదటి రోజే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు ‘తప్పు జరగలేదు’ అనే ముందు ‘చూస్తున్నాం, ఫలానా రోజుకు చెబుతాం’ అనడం నేర్చుకోండి.

ర్యాగింగ్ ఫిర్యాదు దగ్గర కూడా అంతే. ‘చిన్న పిల్లల సరదా’ అన్న మాట ప్రకటనలో రానే రాకూడదు. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం నేరం అనిపించే ఫిర్యాదయితే 24 గంటల్లో ఎఫ్ఐఆర్ చేయించాల్సిన బాధ్యత కాలేజీ పెద్దదే. ‘రాజీ చేశాం’ అని విలేకరులకు చెప్పారంటే ఆ బాధ్యత మానుకున్నామని మనమే రాసిచ్చినట్టు.

లోకల్ విలేకరులతో పని ఉన్నప్పుడే మాట్లాడే అలవాటుంటే ఇప్పుడే మార్చుకోండి. జిల్లా పేజీలు సాయంత్రానికే నిండిపోతాయి, ప్రెస్‌నోట్ నాలుగింటిలోపు పంపండి. పేర్లు తెలుగులో సరిగ్గా టైప్ చేసివ్వండి, ఇంటిపేరు తప్పు పడితే ఆ కుటుంబం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. జవాబు లేని ప్రశ్న అడిగితే ‘ఆరింటికి చెబుతా’ అని, ఆరింటికి నిజంగా ఫోన్ చేయండి.

చివరిగా ఒక పని. ప్రాస్పెక్టస్ ప్రెస్‌కి వెళ్లేముందు అందులో ఉన్న ప్రతి ఫోన్ నంబరుకూ మీరే స్వయంగా డయల్ చేయండి, అదీ రాత్రి పదింటికి. హాస్టల్ వార్డెన్, లేడీస్ హాస్టల్, అంబులెన్స్, యాంటీ ర్యాగింగ్ కమిటీ, జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. కిందటేడాది నేను చేస్తే, మా యాంటీ ర్యాగింగ్ కమిటీ కన్వీనర్ నంబరని అచ్చు వేయబోతున్నది రెండేళ్ల కిందట రిటైరైన సార్‌ది. ఆయన నిద్రలోంచి లేచి ఫోన్ ఎత్తారు.