తాగుడుకు ఓపీ వైద్యం: ఇంటివాళ్లు తెలుసుకోవాల్సినవి

"ఓ నెలపాటు లోపల వేసి తాళం పెట్టండి సిస్టర్, అప్పుడు గానీ దారికి రాడు." సైకియాట్రీ ఓపీలో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. భార్యలు అన్నారు, తల్లులు అన్నారు. విసిగిపోయి అనే మాట, తప్పు పట్టలేం. కానీ తాగుడుకు అలవాటుపడ్డ వాళ్లలో చాలామందికి ఆసుపత్రిలో మంచం అక్కర్లేదు. ఓపీ చీటీ, వెంట నమ్మకమైన మనిషి ఒకరు, చెప్పిన తేదీకి రావడం ఉంటే సరిపోతుంది. డాక్టర్ మిమ్మల్ని చూసేది పది నిమిషాలు. మిగిలిన వైద్యమంతా ఇంట్లోనే జరుగుతుంది కాబట్టి మీకు కొన్ని సంగతులు తెలిసుండాలి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: రోజూ ఎక్కువగా తాగే మనిషిని మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం కదా అని ఇవాళే సీసాలు పారబోసి గదికి గొళ్లెం పెట్టేవాళ్లున్నారు. ఆఖరుసారి తాగిన ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు గోడమీద పాకుతున్నాయంటారు, ఇంట్లో మనిషిని గుర్తుపట్టరు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తింది ఇందుకే.

తెలంగాణ పల్లెల్లో కల్లు సంగతి ఇంకా తిరకాసు. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు. "మావాడు లిక్కర్ ముట్టడమ్మా, సీసా కల్లే" అని ధీమాగా చెప్తారు. ఆ కల్లు ఆగినా ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా మాట్లాడతారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు అలాంటి వాళ్లతో నిండిపోయాయి. కాబట్టి కల్లు అయినా సరే, ఎన్ని సీసాలో డాక్టర్‌కు చెప్పాల్సిందే.

అయ్యప్ప మాల గురించి కూడా చెప్పాలి. మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ముట్టడు, అలా మానతాడని ఆశ. కొందరు నిజంగానే మానేస్తారు. కానీ రోజుకు హాఫ్ బాటిల్ తాగే మనిషి మాల వేసుకున్న మర్నాడే పీఠం దగ్గర ఫిట్స్‌తో పడిపోవచ్చు. ముందు వారం డాక్టర్ దగ్గరికి వచ్చి, గోలీలతో మానిపించుకుని తర్వాత మాల వేసుకోండి. ఏ గురుస్వామీ కాదనడు.

ఇంతకుముందు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, లివర్ బాగా చెడి కడుపు ఉబ్బినా, చచ్చిపోతానంటున్నా ఓపీ కుదరదు. అలాంటి వాళ్లను కొన్ని రోజులు అడ్మిట్ చేసుకోవాలి. ఫిట్స్, రక్తపు వాంతి, మతి తప్పడం లాంటివి ఇంట్లో కనిపిస్తే ఓపీ టైమ్ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి పట్టుకెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డ, విశాఖ పేర్లు వినగానే జనం "పిచ్చాసుపత్రికా?" అని వెనక్కి తగ్గుతారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఏ రోజుల్లో, ఏ గదిలో అన్నది ముందే కనుక్కోండి. దారి తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు ఖర్చుకాదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా ఎత్తుతారు. తాగుడు, గంజాయి లాంటి వాటికి 14446 విడిగా ఉంది.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి. రోజుకు క్వార్టరా, హాఫా, ఫుల్లా? పొద్దున లేవగానే తాగుతాడా? ఆఖరుసారి ఎన్నింటికి తాగాడు? ఓపీకి తాగి వచ్చినా సిగ్గుపడి దాచకండి, గోలీల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. షుగర్, బీపీ, ఇంకే జబ్బుకైనా వాడుతున్న గోలీలన్నీ కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. ఊళ్లో ఎవరో ఇచ్చిన నిద్రగోలీలు కూడా.

ఇంకో ప్రశ్న డాక్టర్ తప్పకుండా అడుగుతాడు, దానికి ఇంట్లోవాళ్లే బాగా జవాబు చెప్పగలరు: దిగులు, భయం, నిద్రలేమి తాగుడుకు ముందే ఉన్నాయా, తర్వాత వచ్చాయా? కొందరు దిగులుతో తాగుతారు, కొందరికి తాగుడు వల్లే దిగులు పడుతుంది. చాలాసార్లు మానిన రెండు మూడు వారాల తర్వాత గానీ ఏది ఏదో తేలదు. పెళ్లికి ముందు, ఉద్యోగం పోకముందు మనిషి ఎలా ఉండేవాడో గుర్తు తెచ్చుకుని చెప్పండి. మీరు ఒకసారి, అతను ఒకసారి విడివిడిగా మాట్లాడతామని అడగండి. మీ ముందు చెప్పని మాటలు అతనికి ఉంటాయి, మీకూ ఉంటాయి.

మొదటి వారం ఇచ్చేది ఎక్కువగా లిబ్రియం లాంటి గోలీ, వణుకూ ఫిట్సూ రాకుండా చూసేది. రోజురోజుకూ తగ్గిస్తూ వారం, పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగోలేకపోతే లోరాజెపాం ఇస్తారు. ఈ స్ట్రిప్పు అతని జేబులో కాదు, మీ దగ్గర ఉండాలి. ఏ పూటకాపూట మీ చేత్తో ఇవ్వండి. తాగి ఉంటే ఇవ్వకండి, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అలాంటప్పుడు డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. నిద్ర బాగా పట్టిందని మెడికల్ షాపులో మళ్లీ కొనుక్కుంటే తాగుడు పోయి గోలీల అలవాటు మిగులుతుంది.

దాంతోపాటు థయమిన్ ఇస్తారు, బి1 విటమిన్. దీన్ని బలం గోలీ అనుకుని వదిలేస్తారు, అదే కోపం నాకు. ఏళ్ల తరబడి తాగి తిండి సరిగా తినని వాళ్లలో బి1 అడుగంటుతుంది. అప్పుడు నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే, బి1 ముందు ఇవ్వకపోతే మెదడుకు దెబ్బ తగలొచ్చు. నడక తూలడం, చూపు చెదరడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. తాగి ఉండటం వల్లేలే అని ఊరుకోకండి.

వణుకు తగ్గాక తాగాలన్న యావ తగ్గించే గోలీల వంతు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అలాంటివి. నాల్ట్రెక్సోన్ వాడేవాళ్లకు ఆపరేషన్ పడితే ఆ సంగతి ముందే సర్జన్‌కు చెప్పాలి, కొన్ని బలమైన నొప్పి ఇంజెక్షన్లు పనిచేయవు.

డైసల్ఫిరామ్ వేరే రకం. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం పోవడం. ఆ భయంతో తాగరు. అందుకే మనిషికి తెలిసి, ఒప్పుకుంటేనే ఇస్తారు. "అతనికి తెలియకుండా సాంబారులో కలిపిస్తాను, రాసివ్వండి" అని అడిగిన ఆడవాళ్లను నేను లెక్కపెట్టలేదు. అమ్మా, వద్దు. మానేశాక కూడా రెండు వారాల దాకా దాని పని ఉంటుంది. అతను ఏమీ తెలియక బెల్టు షాపులో నైంటీ వేస్తే కేసు మీ మీదికి వస్తుంది. "తెలియకుండా మాన్పించే పొడి" అని ఫోన్లో వచ్చే ప్రకటనలకూ అదే జవాబు. ఆ పొడిలో ఏముందో మీకెలా తెలుస్తుంది? ఇంకొకటి, డైసల్ఫిరామ్ వాడేవాళ్లు ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, ఆయుర్వేద అరిష్టాలు తాగకూడదు.

దిగులుకు గోలీలు రాస్తే రెండు నుంచి నాలుగు వారాల దాకా ఫలితం కనపడదు. మొదట్లో కడుపులో వికారం ఉంటుంది, తగ్గిపోతుంది. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి, ఆపడం డాక్టర్ చెప్పినప్పుడే.

రావాల్సిన తేదీలు మొదట దగ్గర దగ్గరగా ఉంటాయి, తర్వాత నెలకొకసారి. కూలికి వెళ్లేవాళ్లకు ఒక రోజు ఓపీ అంటే ఒక రోజు కూలి పోవడమే. గోలీలు ఎక్కువ రోజులకు ఇవ్వగలరేమో అడగండి, ఫోన్లో మాట్లాడే వీలుందేమో కనుక్కోండి. చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు.

మళ్లీ తాగుతాడు. అందరూ కాదు గానీ చాలామంది తాగుతారు, బంధువుల పెళ్లిలోనో, జీతం రోజునో. అప్పుడు "ఇక లాభం లేదు" అని ఓపీ పుస్తకం అటకెక్కించకండి. మర్నాడే తీసుకురండి. ఎక్కడ, ఎవరితో, ఏ గొడవ తర్వాత తాగాడో చెప్తే కౌన్సెలర్‌కు అదే పనికొచ్చే సమాచారం.

ప్రైవేటు రీహాబ్‌ల గురించి ఒక మాట. రాత్రిపూట వ్యాన్‌లో మనుషులను పంపి ఎత్తుకెళ్తామనే వాళ్లున్నారు. అలా ఒకచోట ఉండి ఒంటి మీద దెబ్బలతో మా ఓపీకి వచ్చిన కుర్రాడికి నేనే కట్టు కట్టాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాడు అన్నవి డబ్బు కట్టకముందే అడగండి. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకూ ఆరోగ్య బీమా ఇవ్వాలని అదే చట్టం చెప్తుంది. అయితే చాలా పాలసీలు ఏ జబ్బుకైనా ఓపీ ఖర్చు ఇవ్వవు, కాబట్టి పాలసీ కాగితం చదివి చూసుకోండి.

ఆఖరుగా, వెంట వచ్చేవాళ్లకు. నెలల తరబడి నిద్రలేక, ఏ రాత్రి ఏం గొడవో అని టెన్షన్‌తో మీరూ నీరుగారిపోయి ఉంటారు. అతనితో వచ్చిన రోజే మీ పేరు మీద కూడా ఒక చీటీ రాయించుకోండి. తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్‌అనాన్ సమావేశాలు జరుగుతాయి, మీ దగ్గర్లో ఉన్నాయేమో కౌన్సెలర్‌ను అడగండి.