మెటల్ డిటెక్టింగ్ నేర్చుకుందాం – 7వ పాఠం: చెత్త సంచి

గత పాఠంలో గడ్డిపెళ్ల కోయడం, వస్తువు బయటికి తీయడం, గుంత పూడ్చడం నేర్చుకున్నాం. ఈ పాఠం ఆ తర్వాతి అర నిమిషం గురించి. చేతికొచ్చింది నాణెం కాదు, నలిగిపోయిన కూల్‌డ్రింక్ డబ్బా రింగు. దాన్నేం చేయాలి?

చెత్త సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లాలి. తుప్పు మేకు అయినా, సీసా మూత అయినా, గోరంత అల్యూమినియం రేకు ముక్క అయినా అంతే. ఈ మాటని సాధారణంగా మర్యాదల జాబితాలో చివర్న చెప్పి వదిలేస్తారు. మేం దీనికి ఒక పాఠమంతా కేటాయించడానికి కారణం ఉంది: చెత్త తీయని నేలలో ఎంత ఖరీదైన డిటెక్టరైనా సరిగ్గా పనిచేయదు.

ముందుగా, కొత్తవాళ్లు సాధారణంగా చేసేదేమిటో చూద్దాం. చెత్త రాగానే విసుగొచ్చి దాన్ని అదే గుంతలో పడేసి మట్టి కప్పేస్తారు. ఆ రింగు ఎక్కడికీ పోదు. వచ్చే నెల ఇంకొకరు వస్తారు, లేదా మీరే వస్తారు. అదే సిగ్నల్ మోగుతుంది, అదే చోట గడ్డి మళ్లీ కోయాల్సి వస్తుంది. ఒకసారి కోసిన పెళ్ల వేళ్లు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అది నిలదొక్కుకోకముందే రెండోసారి కోస్తే గడ్డి ఎండిపోయి గుండ్రంగా మచ్చ పడుతుంది. పార్కు సిబ్బందికి కనిపించేది ఆ మచ్చే.

గుంత పక్కన పడేయడం ఇంకా చెడ్డది. అమెరికా పార్కుల్లో గడ్డి కోసే యంత్రం వారానికోసారి తిరుగుతూ ఉంటుంది. ఖాళీ అల్యూమినియం డబ్బా బరువు సుమారు 13 గ్రాములే, పక్క గోడ మందం సుమారు పదో వంతు మిల్లీమీటరు. బ్లేడు కింద పడితే అది తురుములాగా చీలిపోతుంది. ఒక్క సిగ్నల్ ఇచ్చే వస్తువు పాతిక సిగ్నళ్లవుతుంది. అన్ని ముక్కలూ వాడి అంచులవే, పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తే చోటే పడి ఉంటాయి. చెట్టు మొదట్లోకో పొదలోకో విసిరినా లాభం లేదు. మనుషులు నీడకు కూర్చునేదీ, జేబులోంచి నాణేలు జారేదీ అక్కడే కాబట్టి రేపు మీరు వెతకాల్సిన మంచి చోటుని మీరే పాడు చేసుకున్నట్టు.

అసలు చెత్త ఎందుకు తవ్వాలి?

డిటెక్టర్ తెరమీద నంబరు చూసి చెత్తని వదిలేయవచ్చు కదా అని అడుగుతారు. వదిలేయలేం. డిటెక్టర్‌కి లోహం పేరు తెలియదు. ఆ వస్తువు విద్యుత్తుని ఎంత తేలిగ్గా ప్రసరింపజేస్తుందో, ఎంత పరిమాణంలో ఉందో, ఏ ఆకారంలో ఉందో అన్నీ కలిపి ఒక్క నంబరుగా చూపిస్తుంది. ఉదాహరణకి మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అనే డిటెక్టర్‌లో 5 సెంట్ల నాణెం, అంటే నికెల్, 12–13 దగ్గర చూపిస్తుంది. డబ్బా రింగులు చాలావరకు ఆ చుట్టుపక్కలే వస్తాయి. సన్నటి బంగారు ఉంగరాలు రేకు నంబర్ల దగ్గర్నుంచి రింగుల నంబర్ల దాకా ఎక్కడైనా రావచ్చు. రింగులు వద్దనుకుని ఆ నంబర్లు కట్టేస్తే బంగారం కూడా మూగబోతుంది. కాబట్టి బంగారం కావాలనుకునేవారు రింగులు తవ్వాల్సిందే, తవ్వినవి మోయాల్సిందే.

ఇనుముది వేరే బాధ. అది పక్కనున్న మంచి వస్తువుని కప్పేస్తుంది. కాయిల్ (డిటెక్టర్ కర్ర చివరుండే గుండ్రటి పళ్లెం) కింద ఉన్న లోహాలన్నీ కలిపి ఒకే స్పందన ఇస్తాయి. ఇనుము వినిపించకుండా డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాల్ని వదిలేసే అమరిక) పెట్టుకుంటే డిటెక్టర్ మేకు దగ్గర నోరు మూసుకుంటుంది. మళ్లీ తేరుకునేలోపు కాయిల్ పక్కనున్న నాణేన్ని దాటిపోతుంది.

ఇది చదివి ఊరుకోకుండా పెరట్లో చేసి చూడండి. గడ్డి మీద ఒక క్వార్టర్ (25 సెంట్ల నాణెం) పెట్టి, కాయిల్‌ని ఆరంగుళాల ఎత్తులో ఊపండి. నిలకడగా మోగుతుంది. ఇప్పుడు మూడంగుళాల ఇనుప మేకుని నాణేనికి నాలుగంగుళాల దూరంలో పెట్టి ఊపండి, తర్వాత రెండు, తర్వాత ఒకటి, చివరికి నాణెం మీదే అడ్డంగా. ఎక్కడో ఒకచోట నంబరు ఎగిరెగిరి పడుతుంది, లేదా మోత తెగిపోతుంది. ఆ స్థితిలోనే మీరు 90 డిగ్రీలు తిరిగి నిలబడి మళ్లీ ఊపండి. మేకు పొడవు వెంబడి ఊపడానికీ అడ్డంగా ఊపడానికీ తేడా తెలుస్తుంది. చివరగా మేకు తీసేసి ఊపండి. పాత పార్కుల్లో ‘ఇక్కడంతా ఎవరో ఏరేశారు’ అనుకునే చోట చాలాసార్లు ఇదే జరుగుతుంటుంది. మోగేవి ఏరారు, మూసిపెట్టే మేకుల్ని మాత్రం వదిలేశారు. ఓపికపట్టి అక్కడి ఇనుము ఎత్తేసినవారికి అదే చోట కొత్త సిగ్నళ్లు వినిపిస్తాయి.

సంచి ఎలాంటిది?

నడుముకి కట్టుకునే రెండు అరల సంచి చాలు. వడ్రంగులు మేకులు వేసుకునే గుడ్డ సంచి అయినా పనికొస్తుంది. ఒక అర చెత్తకి, ఇంకోటి మంచి వస్తువులకి. మంచి వస్తువుల అరకి జిప్పు తప్పనిసరి, వంగి లేచేటప్పుడు జారిపోయేవి అవే. చెత్త అర అడుగు జాలీదైతే మట్టి రాలిపోయి బరువు తగ్గుతుంది, కానీ జాలీ కళ్లు రేకు ముక్కలు దూరిపోయేంత పెద్దవి కాకూడదు. రెంటినీ కలిపి ఒకే జేబులో వేయకండి. వెండి మెత్తటి లోహం, తుప్పు మేకు పక్కన గంటసేపు నడిస్తే గీతలు పడతాయి.

ఇవి కాక స్క్రూ మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసా ఒకటి. గాజు పెంకులు, బ్లేడు ముక్కలు, చేపల గాలాలు అందులోకి. చేతికి పలచటి రబ్బరు పూత గ్లవ్స్. తవ్విన మట్టి పోసుకోవడానికి పాత తువ్వాలు.

గుంత దగ్గర వరస ఇదీ. వస్తువు తీశాక గుంత లోపల, తువ్వాలు మీది మట్టిలో, గడ్డిపెళ్ల అడుగున పిన్‌పాయింటర్‌తో (లోహం కచ్చితంగా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్) మళ్లీ చూడండి. రింగు దొరికింది కదా అని వెంటనే మూసేస్తే దాని కిందున్న నాణెం మిగిలిపోతుంది. డబ్బా చీలికలైతే ఒక్కటి దొరికిన చోట మూడు నాలుగు ఉండటం మామూలే. పిన్‌పాయింటర్ మూగబోయాక చెత్త సంచిలోకి, మట్టి గుంతలోకి, పెళ్ల పైన, కాలితో గట్టిగా అదుముడు. ఆ తర్వాత డిటెక్టర్ కాయిల్‌ని ఒకసారి ఆ చోటు మీద ఊపండి. నిశ్శబ్దంగా ఉంటే ముందుకు కదలండి. తవ్వకుండా పైనే కనిపించే చెత్త, ప్లాస్టిక్ మూతలతో సహా, దారిలో ఉంటే ఎత్తేయండి.

సీసా మూతల మీద ఒక చిట్కా. 21 పళ్లుండే ఇనుప మూత చాలా డిటెక్టర్లలో నాణెంలా మోసం చేస్తుంది. సిగ్నల్ మీద కాయిల్ మధ్యభాగం కాకుండా అంచు వచ్చేలా మెల్లగా జరుపుతూ ఊపితే మూత అయినప్పుడు ఇనుప గుర్రు వినిపిస్తుంది, నాణెం సాధారణంగా నిలకడగానే ఉంటుంది. అది మూతే అని తేలినా తవ్వి తీసేయడమే మంచిదని మా అభిప్రాయం. గడ్డి బాగా ఎండిపోయిన వేసవిలో మాత్రం వదిలేయండి, టెక్సస్ జులైలో కోసిన పెళ్ల బతకదు.

సంచిలో వేయకూడనివి

సిరంజి సూది కనిపిస్తే చేత్తో ముట్టకండి, మూత పెట్టే ప్రయత్నం అసలే వద్దు. పార్కు సిబ్బందికి చెప్పండి. పేలని తూటాలు చెత్తబుట్టలో వేయకూడదు, పోలీసుల అత్యవసరం కాని నంబరుకి ఫోన్ చేసి అడగండి. వర్జీనియా లాంటి చోట్ల అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండ్లు ఇప్పటికీ బయటపడతాయి. లోపల మందుగుండు ఉండొచ్చు. అలాంటి ఆకారం కనిపిస్తే తవ్వడం ఆపి, దూరం జరిగి 911కి చెప్పండి.

సీసపు గుండ్లూ, గాలాల బరువులూ సంచిలో వేసుకోవచ్చు కానీ వాటి మీది తెల్లటి పొర రుద్దకండి. అది సీసపు లవణాల పొర. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ సంచి పిల్లలకి అందకూడదు.

ఇంకో సంగతి ఇంగ్లండులోని మన తెలుగువారికి. దున్నిన పొలంలో పైమట్టిలో దొరికిన ఆధునిక చెత్త తీసేయండి. దున్నకం కిందున్న కదలని పొరలో వరసగా మేకులు, లోహపు కిట్టెం కనిపిస్తే అది చెత్త కాకపోవచ్చు, పాత కట్టడమో కొలిమో కావచ్చు. అక్కడ ఆపి దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే స్థానిక ఫైండ్స్ లైజన్ అధికారికి చెప్పాలి.

ఇంటికొచ్చాక

పాత వార్తాపత్రిక పరిచి సంచి బోర్లించండి. ముందు అయస్కాంతం తిప్పితే ఇనుము విడిపోతుంది. అంటుకున్నవి పడేసేముందు ఒకసారి చూడండి: బంగారు గొలుసు కొక్కెం లోపలి స్ప్రింగు ఉక్కుది కావచ్చు, అందుకని అదీ అయస్కాంతానికి లాగుతుంది. నలిగిన రేకు ఉండలు విప్పి చూడండి. పొలంలో తుప్పు బిళ్లగా కనిపించినది దీపం వెలుగులో గుండీయో, పాత టోకెనో అయిన సందర్భాలు ఈ హాబీలో అందరికీ తెలిసినవే.

రీసైక్లింగ్ డబ్బాలో విడి ముక్కలు వేస్తే పని జరగదు. వేరుచేసే కేంద్రాల్లో రెండంగుళాలకన్నా చిన్నవి జల్లెడల్లోంచి గాజు పొడితో కలిసి కిందికి పోతాయి. మూతలూ మేకులూ ఉక్కు టమాటా డబ్బాలో వేస్తూ, సగం నిండాక మూతి నొక్కేసి ఇవ్వండి. రేకులన్నీ కలిపి రెండు మూడంగుళాల ఉండగా చేయండి. శుభ్రమైన రింగుల్ని రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ అనే సేవాసంస్థ శాఖలు కొన్ని తీసుకుంటాయి. మట్టి పట్టి పుచ్చినవి రాగి, ఇత్తడి ముక్కలతో కలిపి పాత సామాను కొట్టుకి. సీసం, బ్యాటరీలు మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి. పుచ్చిపోయిన సెంట్లు మాత్రం తుక్కులో వేయకండి. అమెరికాలో 1, 5 సెంట్ల నాణేలు కరిగించడం 2006 డిసెంబరు నుంచి నిషిద్ధం.

చెత్త చెప్పే చరిత్ర

పారేసేముందు రింగులు రెండు రకాలుగా విడదీయండి. తోకతో సహా ఊడొచ్చే పాత రింగు ఒహైయోలోని డేటన్‌కి చెందిన ఎర్మల్ ఫ్రేజ్ ఆలోచన. దాని తొలి రూపం 1962లో పిట్స్‌బర్గ్ బ్రూయింగ్ కంపెనీ బీరు డబ్బాల మీద మార్కెట్లోకి వచ్చింది. అందరూ లాగి నేలమీద పారేయడంతో గోల మొదలై, 1975లో డబ్బాకే అంటుకుని ఉండే రింగు వచ్చింది. అమెరికా డైములు (10 సెంట్ల నాణేలు), క్వార్టర్లు 1964 తేదీ దాకా 90 శాతం వెండివి. అంటే తోక రింగులు దండిగా ఉన్న చోట వెండి చేతులు మారిన రోజుల్లోనూ జనం తిరిగి ఉండొచ్చు, అక్కడ మెల్లగా వెతకండి. ఎనిమిది అంగుళాల లోతులో కూడా కొత్త రకం రింగులే వస్తుంటే ఆ నేలలో ఎవరో మట్టి తెచ్చి పోశారని అర్థం, పాత నాణేలు అంతకన్నా కిందే ఉండి మీ కాయిల్‌కి అందకపోవచ్చు.

అనుమతి విషయం

ఇంటి యజమాని అనుమతితో తవ్వినప్పుడు వెళ్లేముందు దొరికిన వస్తువులతో పాటు చెత్త కూడా చూపించండి. తన పెరట్లోంచి గుప్పెడు మేకులూ గాజు పెంకులూ పోయాయని చూసిన మనిషి రెండోసారి కాదనరు, పక్కింటివారికీ చెబుతారు. కొన్ని నగరాల పార్కు పర్మిట్లలో తవ్విన చెత్త తీసుకెళ్లాలనే షరతు రాసే ఉంటుంది. బ్రిటన్ డిటెక్టరిస్టుల నియమావళిలోనూ ఉంది. అమెరికా జాతీయ పార్కుల్లోకి మాత్రం డిటెక్టర్ తీసుకెళ్లడమే నేరం, చెత్త ఏరుతున్నామన్నా ఒప్పుకోరు.

సెలవుల్లో డిటెక్టర్ పట్టుకుని ఊరికెళ్లాలనుకునేవారికి రెండో పాఠంలో చెప్పింది మళ్లీ చెబుతున్నాం. భారతదేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలపాలి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేని తవ్వకం నేరం. గుప్త నిధుల కేసులు తరచూ వినబడే మన జిల్లాల్లో చెత్త కోసం తవ్వామంటే ఎవరూ నమ్మరు.

ఈ పాఠానికి పని

ఒకే చోట, వరసగా మూడు వారాలు, వారానికి రెండు గంటలు తవ్వండి. ప్రతి గుంతకీ తవ్వకముందు నంబరు, తవ్వాక వస్తువు, లోతు రాసుకోండి. చెత్తని రకాలవారీగా విడి కవర్లలో దాచండి. మూడో వారం చివర రింగుల కవరు తీసి ఒక్కొక్కటీ గడ్డి మీద పెట్టి కాయిల్ ఊపండి: నిటారుగా, వాలుగా, నలిగినట్టు. పక్కన ఒక నికెల్ పెట్టి పోల్చండి. రెండింటి నంబరూ ఒకటే వచ్చినా మోత మొదలయ్యే తీరులో, ఆగే తీరులో చిన్న తేడా వినబడుతుంది. మీ చెవికి వినబడిన ఆ తేడాని నోటుబుక్‌లో మీ మాటల్లోనే రాసుకుని 8వ పాఠానికి సిద్ధంగా ఉంచుకోండి. అందులో మోత విని తవ్వాలా వద్దా తేల్చుకోవడం మొదలుపెడతాం.