లోంగ్‌చువాన్ సెలడాన్ కొనే ముందు పళ్లెం బోర్లించి చూడండి

చైనా సెలడాన్ (లేత పచ్చ పూత పూసి కాల్చిన పింగాణీ) బేరంలో డబ్బు పోగొట్టుకునేవాళ్లలో చాలామంది రంగు చూసి పడిపోతారు. ఆ లేత పచ్చదనాన్ని జెజియాంగ్ రాష్ట్రంలోని లోంగ్‌చువాన్‌లో ఈరోజుకీ బ్రహ్మాండంగా తీస్తున్నారు. ఆ కాల్పు విద్యకు 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. బట్టీ దగ్గర కొత్తవి కొత్తవిగానే అమ్ముడవుతాయి. చేతులు మారుతున్నకొద్దీ ఎవరో ఒకరు అడుగునున్న పనివాడి ముద్రను అరగదీస్తారు, దాంతో అది సుమారు 800 ఏళ్ల కిందటి ‘సుంగ్ కాలపు’ పళ్లెం అయిపోతుంది. కాబట్టి రంగు సంగతి ఆఖరికి పెట్టుకుని, ముందు అడుగు చూడండి. ఆ తర్వాత గ్లేజు (పైనుండే గాజుపూత), అతుకులు, కాగితాలు.

అసలు చేతిలోకి తీసుకోకుండానే వదిలేయాల్సినవి కొన్ని ఉంటాయి. ఎవరైనా ‘రూ’ బట్టీ (సుంగ్ రాజాస్థానం కోసం కాల్చిన బట్టీ) గిన్నె అన్నారంటే మారుమాట లేకుండా దండం పెట్టేయండి. లోకం మొత్తం మీద అవి వందలోపే మిగిలాయి. 2017లో హాంకాంగ్ వేలంలో కుంచెలు కడుక్కునే చిన్న రూ గిన్నె 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. అలాగే విషం తగిలితే పళ్లెం రంగు మారుతుందనే మాట. మొగలుల కాలంలో ‘ఘోరీ’ పళ్లేల (సెలడాన్‌కు అప్పటి పేరు) గురించి అలా నమ్మేవారు, పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. గ్లేజు అంటే గాజే. విషం వేసినా పాయసం పోసినా దానికి ఒకటే.

ఇక అడుగు. గ్లేజులో ఉండేది ఒకటి నుంచి మూడు శాతం ఇనుము. బట్టీలో గాలి తగ్గించి సుమారు 1,200 డిగ్రీల పైన కాలిస్తే అది పచ్చగా తేలుతుంది. చల్లారేటప్పుడు గాలి లోపలికి రాగానే గ్లేజు లేని చోట మట్టిలోని ఇనుము మళ్లీ ఎర్రబడుతుంది. అందుకే పళ్లెం నిలబడే అడుగు వలయం మీద ఇటుక రంగు, నారింజ రంగు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. ఇది పైపొర మాత్రమే, లోపల మట్టి బూడిదరంగు కలిసిన తెలుపు. గ్లేజు ఆగిన గీత దగ్గర ఎరుపు ముదురుగా ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడుతుంది.

నకిలీ చేసేవాళ్లు ఈ ఎరుపును ఇనుము కలిపిన మట్టినీళ్లతో కుంచె పెట్టి పూస్తారు. పది రెట్ల భూతద్దంలో చూడండి. ఎరుపు అంతటా ఒకే మోతాదులో ఉందా? కుంచె గీతలున్నాయా? గ్లేజు అంచు మీదికి ఎక్కిందా? వలయం మీద చిన్న పెచ్చు ఊడి ఉంటే అది మీ అదృష్టం. కాలిన తర్వాత ఊడిన పెచ్చు లోపల మట్టి తెల్లగానే ఉండాలి, మహా అయితే మురికి పట్టి ఉంటుంది. పెచ్చు గుంట కూడా చుట్టుపక్కల రంగులోనే ఉందంటే ఆ రంగు బట్టీలో వచ్చింది కాదు. గీకి చూడాలని చెయ్యి దురద పెడుతుంది గానీ, ఇంకా మీది కాని పళ్లేన్ని గీకకండి.

సుంగ్, యువాన్ వంశాల తర్వాత వచ్చిన మింగ్ కాలపు పెద్ద పళ్లేల్లో లెక్క వేరు. వలయం మీద కూడా గ్లేజు ఉంటుంది, అడుగు మధ్యలో గుండ్రంగా పట్టీలాగా గ్లేజు తుడిచేసి ఉంటుంది. బట్టీలో గొట్టంలాంటి ఆధారం మీద నిలబెట్టేందుకు అలా చేసేవారు. ఆ పట్టీ ఎర్రగా కాలి ఉంటుంది. అదే చోట నల్లటి గుండ్రటి మచ్చ, ముతక బూడిదరంగు మట్టి కనిపిస్తే అది థాయ్‌లాండ్ సవన్‌ఖలోక్ పళ్లెం కావచ్చు. అది నకిలీ కాదు, పాతదే. కానీ లోంగ్‌చువాన్ ధర పెట్టాల్సిన వస్తువు కాదు.

గ్లేజులో అరుగుదల ఎక్కడుందో వెతకండి. వాడిన పళ్లేనికి మధ్యలో, అంచు మీద గీతలు పడతాయి, అవీ అడ్డదిడ్డంగా. చెక్కిన తామరరేకుల నగిషీ సందుల్లో మెరుపు అలాగే ఉంటుంది. గుత్తగా, మూలల్లో కూడా మెరుపు చచ్చిపోయి ఉంటే యాసిడ్‌లో ముంచారేమోనని అనుమానించండి. గీతలన్నీ ఒకే దిక్కుకు ఉంటే అది గరుకు కాగితం పని. నెర్రెల్లో మురికి అన్నిచోట్లా ఒకే నలుపుగా ఉన్నా నమ్మకండి, టీ డికాషన్‌తోనూ పొటాషియం పర్మాంగనేట్‌తోనూ అలా తెప్పిస్తారు. మట్టిలోంచి, సముద్రంలోంచి తీసిన వాటికి మాత్రం మెరుపు నిజంగానే పోతుంది. 1323 నాటి సినాన్ ఓడ కొరియా తీరంలో బయటపడినప్పుడు 20,000కు పైగా పింగాణీ దొరికింది, అందులో సగానికి పైగా లోంగ్‌చువాన్‌దే. ఆ కాలం పళ్లెం అంటూ ఎవరైనా చూపిస్తే, ఆకారాన్ని పోల్చుకోవడానికి ఆ ఓడ సరుకు ఫొటోలకు మించినవి లేవు.

అతుకుల కోసం చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేయండి. జిగురు, పైరంగు చాలావరకు వేరే రంగులో వెలుగుతాయి. కొత్తరకం జిగుర్లు కొన్ని ఈ టార్చికి దొరకవు కాబట్టి వేలి కణుపుతో మెల్లగా తట్టి కూడా వినండి. పగులుంటే మోత బొంగురుగా వస్తుంది.

థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష కాగితం చూపించి నోరు మూయించాలని చూస్తారు. ఆ పరీక్ష చెప్పేది ఒక్కటే, నమూనా తీసిన చోట మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందని. అదీ 20–25 శాతం అటూఇటూగా. 800 ఏళ్లంటే 160–200 ఏళ్ల తేడా, అంటే సుంగ్ కాలమా, దాని తర్వాతి యువాన్ కాలమా తేలకపోవచ్చు. పైగా పాత పెంకు అడుగును కొత్త ఒంటికి అతికించేవాళ్లున్నారు, కృత్రిమంగా రేడియేషన్ ఎక్కించి వయసు పెంచేవాళ్లూ ఉన్నారు. అందుకని రెండు చోట్ల నమూనా తీయించండి, ఒంటికీ అడుగుకీ మధ్య అతుకుందేమో ఎక్స్‌రేలో చూపించమనండి. కాగితం మీదున్న ఫొటో, రంధ్రం పెట్టిన చోటు మీ ముందున్న పళ్లేనివేనా అని సరిచూసుకోవడం మరవద్దు.

కన్ను అలవాటు పడటానికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా సెలడాన్ ఉంది. అద్దాల వెనక అడుగు కనిపించదు, అదొక్కటే చిక్కు. విదేశాల్లో ఉన్నవాళ్లు పెద్ద వేలాలకు ముందు జరిగే ప్రదర్శనలకు వెళ్లండి, అడిగితే వస్తువు చేతికిస్తారు. పైసా ఖర్చు లేదు. ఉంగరాలు, వాచీ తీసేసి, మెత్తని గుడ్డ మీద, రెండు చేతులతో, అంచు పట్టుకోకుండా ఎత్తాలి.

చివరిగా కాగితాలు. 1911కు ముందు నాటి వస్తువుల్ని చైనా నుంచి బయటికి పంపడం ఇప్పుడు నిషేధం. కాబట్టి ‘పోయిన నెల చైనాలో ఒక ఇంట్లో దొరికింది’ అన్నవాడి దగ్గర ఉన్నది నకిలీ అయినా కావాలి, దొంగసరుకైనా కావాలి. అడుగున ఎర్ర లక్క ముద్ర ఉంటే మురిసిపోకండి. అది ఎగుమతి అనుమతికి గుర్తే గానీ వయసుకు హామీ కాదు, పైగా దానికీ నకిలీలున్నాయి. పాత వేలం రసీదులు, కేటలాగు పేజీలు అడిగి తీసుకోండి. ఇండియాకు తెచ్చేటట్టయితే కస్టమ్స్ కాగితాలు, ఫొటోలు పదిలంగా ఉంచండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువును మళ్లీ దేశం దాటించడం మామూలు మనిషికి సాధ్యం కాదు. నాలుగేళ్లలో అమెరికా తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు పళ్లేన్ని అక్కడే ఉంచడం మేలు.