నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ పడిపోకుండా

తిరుపతి, చిత్తూరు వైపు నిమ్మగడ్డి వేసినవాళ్లు చాలామంది ఎన్ని కిలోల నూనె దిగిందో చూసుకుంటారు. కొనేవాడు చూసేది సిట్రాల్ శాతం, అంటే నూనెకు నిమ్మ వాసన ఇచ్చే పదార్థం ఎంత ఉందో. అది 75కు తగ్గితే బేరం మొదలైనట్టే. విత్తనం మొక్కలు ఒక్కోటి ఒక్కో తీరుగా నూనె ఇస్తాయి. అందుకే తెలిసిన రకం దుబ్బుల నుంచి పిలకలు విడదీసి నాటండి.

నాటిన 90 రోజులకు మొదటి కోత, తర్వాత సుమారు 60 రోజులకోసారి. నేల నుంచి 10–15 సెంటీమీటర్లు వదిలి కోయాలి. అక్టోబరు, నవంబరు వానల్లో మాత్రం తొందర వద్దు: తడిగడ్డి నీటి బరువే గానీ నూనె తక్కువ. రెండు మూడు రోజులు ఎండ కాయనివ్వండి. కోశాక నీడలో పలచగా పరిచి ఒక రోజు వాడనిస్తే నూనె తీసే బట్టీలో గడ్డి ఎక్కువ పడుతుంది, కట్టెలూ కలిసొస్తాయి. కుప్ప పోశారో, లోపల చెయ్యి పెడితే వేడి తగులుతుంది. ఆ మగ్గిన వాసన నూనెకు పడుతుంది.

నూనె మబ్బుగా ఉంటే నీరు మిగిలినట్టే. నీటిని పీల్చుకునే నిర్జల సోడియం సల్ఫేట్ పొడి కొద్దిగా కలిపి, తేరాక వడకట్టండి. అల్యూమినియం క్యాన్‌లో మూతదాకా నింపి చల్లటి చీకటి గదిలో పెట్టండి. సగం ఖాళీ క్యాన్‌లో గాలి తగిలి సిట్రాల్ ఆక్సీకరణం చెందుతుంది. ప్లాస్టిక్ డబ్బా జోలికే పోవద్దు.