ఇంటికి ఎంత స్పీడ్ నెట్ కావాలి? బెంగళూరు కాపురాలకు ఒక లెక్క

ముందు జవాబు చెప్పేసి తర్వాత లెక్కలోకి వెళ్దాం. ఇద్దరు ఉద్యోగస్తులు, ఒకరిద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చి ఉంటున్న అమ్మో అత్తగారో ఉన్న ఇంటికి 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) ప్లాన్ సరిపోతుంది. ఇద్దరే ఉంటే 40, 50తో గడిచిపోతుంది. మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో నలుగురైదుగురు బ్యాచిలర్లు ఒకే ఫ్లాట్ పంచుకుంటూ, వాళ్లలో ఇద్దరు గేములాడేవాళ్లయితే 200 తీసుకోవచ్చు. అంతకుమించి 300, 500, 1 జీబీపీఎస్ అని సేల్స్ కుర్రాడు చెప్పేదంతా చాలా ఇళ్లకు దండగ ఖర్చే. పెద్ద ప్లాన్ తీసుకున్నాక కూడా పడగ్గదిలో వీడియో గిర్రున తిరుగుతూనే ఉందంటే, చాలాసార్లు తప్పు వైఫై దగ్గరే ఉంటుంది.

రాత్రి తొమ్మిదింటి లెక్క

ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఎన్ని ల్యాప్‌టాప్‌లు ఉన్నాయని లెక్కపెట్టకండి. జేబులో పడుకున్న ఫోన్ దాదాపు ఏమీ వాడదు. రోజు మొత్తంలో నెట్ మీద ఎక్కువ భారం పడే గంట ఏదో పట్టుకుని, ఆ గంటలో ఒకేసారి ఏమేం నడుస్తాయో రాసుకోండి. తెలుగువాళ్ల ఇళ్లలో అది ఎక్కువగా రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య: హాల్లో టీవీలో సీరియలో మ్యాచో, ఒక గదిలో అమెరికా టీమ్‌తో కాల్, ఇంకో గదిలో పిల్లల యూట్యూబ్, సోఫాలో రీల్స్.

ఒక్కోదానికి ఎంతంటే: ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్. 4కేకి నెట్‌ఫ్లిక్స్ 15 అడుగుతుంది, యూట్యూబ్ 20. లెక్కకు 25 వేసుకుంటే బెంగ ఉండదు. జూమ్, టీమ్స్, మీట్ వంటి వీడియో కాల్‌కు ఇటు (డౌన్‌లోడ్) 4, అటు (అప్‌లోడ్) 4. ఫోన్‌లో రీల్స్‌కు 5. పాట, వాట్సాప్ కాల్, యూపీఐ చెల్లింపులాంటివి అసలు లెక్కలోకే రావు.

హాల్లో టీవీ 4కే అనుకుని పై ఇంటికి కూడితే 25, 4, 5, 5 కలిపి 39. ఉన్నట్టుండి ఎవరి ఫోనో అప్‌డేట్ మొదలుపెడుతుంది కాబట్టి ఇంకో సగం కలపండి, 60 దగ్గర తేలుతుంది. దాని పైన దొరికే ప్లాన్ సాధారణంగా 100. టీవీ 4కే కాకపోతే 40 ప్లాన్‌తోనే ఈ ఇల్లు నడుస్తుంది.

మరి పెద్ద స్పీడ్ ఎవరికి పనికొస్తుంది? పెద్ద పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్లకు. 50 జీబీ గేము 40 ఎంబీపీఎస్ మీద దిగడానికి దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది, 100 మీద గంటా ఏడు నిమిషాలు, 300 మీద 22 నిమిషాలు. వారానికి రెండు మూడు సార్లు అంత డౌన్‌లోడ్ ఉంటే 300కి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. ఏడాదికి రెండుసార్లయితే రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి. ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ విండోలో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ప్లాన్‌లో సెకనుకు 12 మెగాబైట్లు వస్తుంటే మీకు పూర్తి స్పీడ్ వస్తున్నట్టే, కస్టమర్ కేర్‌తో గొడవపడక్కర్లేదు.

ప్రభుత్వ నిర్వచనం ప్రకారం 2 ఎంబీపీఎస్ ఇస్తే అది బ్రాడ్‌బ్యాండే. 2023కు ముందైతే 512 కేబీపీఎస్ చాలు. "బ్రాడ్‌బ్యాండ్" అన్న మాట చూసి ఏదీ ఊహించుకోవద్దని చెప్పడానికే ఈ ముక్క.

అప్‌లోడ్ అడక్కుండా సంతకం పెట్టొద్దు

ఇంటి నుంచి పనిచేసేవాళ్లను ఏడిపించేది డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్. మీ ముఖం, మీ గొంతు, మీ స్క్రీన్ షేర్ అన్నీ అటువైపు వెళ్లేవే. ఇద్దరు ఒకేసారి కాల్‌లో ఉంటే 8, గుమ్మం దగ్గరా బాల్కనీలోనూ రెండు ఫుల్ హెచ్‌డీ కెమెరాలు క్లౌడ్‌కు పంపుతుంటే ఇంకో 4 నుంచి 8. ఇంతలో పెళ్లి నుంచి వచ్చిన ఫోన్ వైఫై తగలగానే ఐదు వందల ఫొటోలు బ్యాకప్ మొదలుపెడుతుంది. అది దొరికినంతా మింగేస్తుంది. అప్‌లోడ్ దారి నిండిపోగానే మిగతా ప్యాకెట్లన్నీ రూటర్‌లో వరస కడతాయి, కాల్‌లో మీ మాట ముక్కలవుతుంది. డౌన్‌లోడ్ స్పీడ్ టెస్ట్ మాత్రం బాగానే చూపిస్తుంది, అందుకే కారణం తెలీక జుట్టు పీక్కుంటారు.

ఫైబర్ (కాంతితో సమాచారం మోసే గాజు తీగ) ప్లాన్లలో చాలావరకు అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానం. కేబుల్ టీవీ వైరు మీద ఇచ్చేవాటిలో, 5జీ మీద నడిచే ఎయిర్‌ఫైబర్‌లో అప్‌లోడ్ బాగా తక్కువ ఉండొచ్చు. "అప్‌లోడ్ ఎంత?" అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఇద్దరు ఇంటి నుంచి పనిచేస్తుంటే 20కి తక్కువ ఒప్పుకోవద్దు. ఫొటో బ్యాకప్‌ను ఫోన్ చార్జింగ్‌లో ఉన్నప్పుడే జరిగేలా పెట్టుకోగలిగితే సగం సమస్య తీరుతుంది.

గేములకు స్పీడ్ కాదు, తక్కువ పింగ్ (సర్వర్‌కు వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) కావాలి. ఆన్‌లైన్ ఆట నడిచేటప్పుడు వాడేది కొద్ది ఎంబీపీఎస్‌లే. ముంబైలో ఉన్న సర్వర్‌కు ఇక్కడి నుంచి వెళ్లి రావడానికి ఫైబర్‌లో కాంతికే దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. దారిలో స్విచ్‌లు, రూటర్లు కలిపి 20, 30 వస్తే మంచి లైను. 100 ప్లాన్ నుంచి 500కి మారినా ఆ అంకె తగ్గదు. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ సంగతీ అంతే: అవతల కంపెనీ గేట్‌వే ఇచ్చేది 20 అయితే మీ ఇంటి 300 దగ్గర ఏముందో దానికి అనవసరం.

ప్లాన్ పెంచే ముందు ఈ పరీక్ష

వైఫై మీద ఫోన్‌తో చేసే స్పీడ్ టెస్ట్ మీ వైఫైని కొలుస్తుంది, కనెక్షన్‌ని కాదు. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు తగిలించండి. వీపీఎన్ ఆపండి, టీవీ ఆపండి, మిగతా ఫోన్ల వైఫై కాసేపు ఆపించండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి కొలవండి. ఫాస్ట్ డాట్ కామ్ అనే స్పీడ్ టెస్ట్ సైట్‌లో అదనపు సమాచారం బటన్ నొక్కితే అప్‌లోడ్‌తో పాటు లైను ఖాళీగా ఉన్నప్పటి లేటెన్సీ (పింగ్ లాంటి ఆలస్యం), నిండినప్పటి లేటెన్సీ రెండూ చూపిస్తుంది. ఖాళీగా 8 మిల్లీసెకన్లు ఉండి, నిండగానే 200, 300కు ఎగబాకితే కాల్స్ తెగేది దానివల్లే.

100 ప్లాన్ మీద పొద్దున 95, రాత్రి 30 వస్తుంటే మీ వీధిలో ప్రొవైడర్ సామర్థ్యం చాలట్లేదన్నమాట. ప్లాన్ పెంచినా లాభం లేదు, కంపెనీ మార్చాలి. కేబుల్ మీద ఎప్పుడూ 95 వస్తూ గదిలో 15 వస్తుంటే తప్పు వైఫైది. 200, 300 ప్లాన్ తీసుకున్నా సరిగ్గా 94, 95 దగ్గరే ఆగిపోతుంటే, రూటర్‌కో ల్యాప్‌టాప్‌కో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది, లేదా కేబుల్‌లో వైరు తెగింది. లాన్ కేబుల్‌లో ఎనిమిది వైర్లు ఉంటాయి. 100 స్పీడ్‌కు నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. చౌకగా కొసన క్లిప్పులో నాలుగే వైర్లు బిగించి వెళ్లిపోయే పనివాళ్లున్నారు. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 100/100 అని ఉంటే ఆ క్లిప్పు మళ్లీ వేయించండి. స్మార్ట్ టీవీల లాన్ పోర్టు ఎక్కువగా 100దే, దాన్ని చూసి కంగారుపడొద్దు. 4కేకి అది చాలు.

వైఫై సంగతి

ఒక అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తెరిస్తే ఇరవై ముప్ఫై వైఫై పేర్లు కనిపిస్తాయి. అవన్నీ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో 1, 6, 11 అనే మూడే మూడు ఛానెళ్లను పంచుకోవాలి, మిగతావి ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ఆ బ్యాండ్ మీద ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా 30, 50 దాటడం కష్టం. 5 గిగాహెర్ట్జ్‌లో స్థలం ఎక్కువ, అదే గదిలో 300, 400 కూడా వస్తుంది, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. కాంక్రీటు దిమ్మెల గోడలైతే ఇంకా ముందే.

కాబట్టి రూటర్‌లో రెండు బ్యాండ్లకు రెండు పేర్లు పెట్టండి. టీవీ, ల్యాప్‌టాప్‌లు, కొత్త ఫోన్లు 5 మీద. కెమెరాలు, స్మార్ట్ బల్బులు, గీజరు ప్లగ్గు లాంటివి 2.4 మీద. 2.4కు ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ అని ఉంచండి. 40 పెడితే మీకూ పక్కింటికీ ఇద్దరికీ నష్టం.

ఫైబర్ గుమ్మం పక్కన లోపలికి వస్తుంది కాబట్టి పనివాడు రూటర్‌ను అక్కడే, చెప్పుల స్టాండ్ పైనో, కరెంటు స్విచ్‌లుండే ఇనప డీబీ బాక్సులోనో బిగించేసి వెళ్తాడు. బిగించే రోజే పక్కన నిలబడి, ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తులో, టీవీ వెనకాల కాకుండా పెట్టమనండి. ఫైబర్ సన్నటి తీగ, మూలల్లో మడత పెడితే సిగ్నల్ పోతుంది. చిన్న గిన్నె అంచులా గుండ్రంగా తిప్పాలి. రూటర్ సెట్టింగ్స్‌లో ఆప్టికల్ పవర్ (ఇంటికి చేరే కాంతి బలం) అనే అంకె కనిపిస్తే చూడండి: మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటితే వానాకాలంలో తెగుతూ ఉంటుంది.

మూడు పడగ్గదుల ఫ్లాట్‌లో చివరి గదికి సిగ్నల్ అందకపోతే చాలామంది వెయ్యి, పదిహేను వందలు పెట్టి ఎక్స్‌టెండర్ (వైఫైని అందుకుని ముందుకు పంపే పెట్టె) కొంటారు. అది ఒకే రేడియోతో విని మళ్లీ అదే రేడియోతో చెప్పాలి, స్పీడ్ సగమవుతుంది. అంతకన్నా గోడ అంచు వెంట ఒక క్యాట్6 కేబుల్ లాగి, చివర ఇంకో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే పంచేలా) పెట్టడం మేలు. అద్దె ఇల్లయితే చదునుగా ఉండే కేబుల్ దొరుకుతుంది, తలుపు కింద నుంచి పోతుంది, ఓనరుకు గోడలో చిల్లు పెట్టామన్న కోపం రాదు. ఒకే పేరుతో ఇల్లంతా వైఫై పంచే రెండు మూడు పెట్టెల మెష్ కిట్లు కూడా కేబుల్‌తో కలిపితేనే డబ్బుకు న్యాయం చేస్తాయి.

కనెక్షన్ తీసుకునే రోజు

ముందు మీ పై అంతస్తువాళ్లనీ ఎదురింటివాళ్లనీ అడగండి: ఏ కంపెనీ, రాత్రిళ్లు ఎలా ఉంటుంది, తెగితే ఎన్ని గంటల్లో వస్తారు. బెంగళూరులో ఒకే కంపెనీ ఒక లేఅవుట్‌లో అద్భుతంగా ఉండి, రెండు వీధుల అవతల ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే లోకల్ టీమూ స్తంభాల మీద వేలాడే తీగలూ వేరు. కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో ఒకటి రెండు కంపెనీలకే లోపలికి అనుమతి ఉంటుంది. అసోసియేషన్ ఆఫీసులో కనుక్కోండి. ఫైబర్ అసలు రాని చోటే ఎయిర్‌ఫైబర్ వైపు చూడండి. టవరు మీద జనం పెరిగే సాయంత్రాల్లో దాని స్పీడూ పింగూ ఊగుతాయి, పైగా డాబా మీదో బాల్కనీలోనో పెట్టె బిగించడానికి ఓనరు ఒప్పుకోవాలి.

ధర చెప్పేటప్పుడు 18 శాతం జీఎస్‌టీ దాచేస్తారు. 499 అంటే చేతి నుంచి పోయేది 589. "అన్‌లిమిటెడ్" అన్నా నెల పరిమితి ఉంటుంది, పెద్ద కంపెనీల ప్లాన్లలో చాలావాటికి అది 3300 జీబీ. రోజుకు ఐదు గంటలు 4కే చూసినా నెలకు 1000 జీబీ చుట్టూనే, కాబట్టి దాని గురించి దిగులు లేదు. చిన్న ప్రొవైడర్ 300, 500 జీబీ పరిమితి పెడితే మాత్రం ఆలోచించండి. దాటాక స్పీడ్ బాగా పడిపోతుంది, నెలాఖరున ఇంట్లో గొడవే.

ఆరు నెలలకో, ఏడాదికో ఒకేసారి కడితే బిగింపు ఉచితం, ఒక నెల అదనం అంటారు. మొదటి నెల మాత్రం నెలవారీ కట్టి, ఒక వానను, కొన్ని రాత్రి తొమ్మిదింటి పరీక్షలను చూసి అప్పుడు ఎక్కువ నెలల ప్లాన్‌కు మారండి. స్పీడ్ కూడా కింది మెట్టు నుంచి మొదలెట్టడమే తెలివి. పెంచడం యాప్‌లో ఐదు నిమిషాల పని, తగ్గించమంటే ప్లాన్ గడువు అయ్యేదాకా ఆగమంటారు.

కరెంటు మర్చిపోవద్దు. బెస్కాం కరెంటు పోయినప్పుడు ఇంటికి ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి రూటర్‌కు తగిలించండి. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి అంతకు తగ్గనిది కొనండి. ఇంట్లోకి నేరుగా ఫైబరే వస్తుంటే ఒక తీగను చాలా ఇళ్లకు పంచే దారిలోని స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, నెట్ నడుస్తుంది. కింద స్విచ్ పెట్టి అక్కడి నుంచి లాన్ కేబుల్ తెచ్చే రకమైతే ఆ స్విచ్‌కు బ్యాకప్ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే మీ యూపీఎస్ ఉత్తదే.

ఇల్లు మారేటప్పుడు కొత్త చిరునామాలో అదే కంపెనీ ఉందో లేదో అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోండి. మూసేస్తుంటే రూటర్, అడాప్టర్ రెండూ తిరిగిచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. డిపాజిట్ ఉంటే అది వచ్చేదాకా ఆ కాగితం పారేయకండి.